వీలునామాలో సంబంధం

విజయనగరం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. ఉగాండాలో, ఆ కంపాలాలో నువ్వూ మీ ఆఫీసు కుర్రాడూ ఒకే గదిలో ఉంటున్నారని ఇంటివాడు మీ పెళ్ళిళ్ళ సంగతి గుచ్చి గుచ్చి అడిగాడా! పగలబడి నవ్వాను. ఇక్కడ గంటస్తంభం నుంచి అయ్యకోనేరు గట్టు దాకా భుజాల మీద చేతులు వేసుకుని ఎన్ని వందల సార్లు తిరిగాం, ఎవరైనా తల తిప్పి చూశారా?

కానీ చివర్లో, మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో సంబంధం పెట్టుకుంటే నేరమనే అక్కడి చట్టం గురించి రాస్తూ "ఆ చట్టం వాళ్ళ ఆచారం, మనకెందుకు" అన్నావే, అది మాత్రం మింగుడుపడలేదు. ఆచారం కాదురా. మా ప్లీడరుగారి బీరువాలో అట్ట ఊడిన పాత శిక్షాస్మృతి ఉంది. అలాంటి కలయికను నేరమన్న 377వ సెక్షన్ ఉన్న పేజీ మూల చెదలు కొట్టేసినా "ప్రకృతి క్రమానికి విరుద్ధంగా" అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. దొరలు 1860లో మనకు రాసిపెట్టి, తరువాత ఉగాండాకూ మోసుకెళ్ళిన మాట అది. దాని మీద 2023లో అక్కడి అధ్యక్షుడు ముసెవేని కొత్త చట్టంతో మేడ కట్టాడు. యావజ్జీవం చాలదన్నట్టు కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా పెట్టాడు. అలాంటివాళ్ళకు ఇల్లు అద్దెకివ్వడమూ నేరమే అన్నారు కాబట్టి మీ ఇంటివాడి భయం ఉత్తిది కాదు. 2024 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ అద్దె ముక్కనూ మరికొన్నిటినీ కొట్టేసి, మిగతాదంతా అలాగే ఉంచింది. ఆయనకు చెప్పు, కాస్త నిద్రపడుతుంది.

డేవిడ్ కాటో అని అక్కడొక బడిపంతులు ఉండేవాడు. 2010లో ఒక పత్రిక ఇలాంటివాళ్ళ పేర్లూ ఫొటోలూ అచ్చువేసి ఉరితీయమంది. ఆయన మరో ఇద్దరితో కలిసి కోర్టుకెక్కి గెలిచాడు. 2011 జనవరిలో ఆయన్ని ఇంట్లోనే సుత్తితో కొట్టి చంపారు. పోలీసులు అది వేరే తగాదా అన్నారు. ఆ పత్రిక సంగతి చదువుతుంటే నాకు మన హాస్టల్ భోజనాల హాలు గుర్తొచ్చింది. ఎందుకో కింద రాస్తాను.

మన దగ్గరా ఊరికే పోలేదు ఆ సెక్షన్. ఎయిడ్స్ మీద పనిచేసే నాజ్ ఫౌండేషన్ అనే సంస్థ 2001లో వేసిన కేసు 2009లో ఢిల్లీ హైకోర్టులో గెలిచి, 2013లో సుప్రీంకోర్టులో ఓడింది. నూట యాభై ఏళ్ళలో ఈ సెక్షన్ కింద విచారణకొచ్చినవాళ్ళు 200 మంది కూడా లేరని అప్పటి తీర్పులో రాశారు. గుమాస్తాగా ఇన్నేళ్ళు కోర్టు వరండాలో కూర్చున్నవాడిని, నన్నడిగితే చెప్పేవాణ్ణి. బెదిరించి జేబు ఖాళీ చేయించడానికి కేసు కట్టాల్సిన పనేముంది? చివరికి నర్తకుడు నవ్‌తేజ్ సింగ్ జోహర్ మొదలైనవాళ్ళు వేసిన కేసులో 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళ జోలికి ఆ సెక్షన్ రాకూడదన్నారు. అలాంటి జంటల పెళ్ళిని గుర్తించమని అడిగేసరికి మాత్రం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆ మూసిన తలుపు వల్లే మొన్న ఒకతను మా ఆఫీసుకు వచ్చాడు. హాస్టల్లో చివరి గది కుర్రాడు. గుర్తుపట్టావా? అతని పెట్టెలో దొరికిన ఉత్తరాన్ని భోజనాల హాల్లో బల్లెక్కి చదివింది నేను. గొంతు సన్నం చేసి చదవమన్నది నువ్వు. మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కేశాడు.

ఇప్పుడు జుట్టు నెరిసింది. పన్నెండేళ్ళుగా తనతో ఉంటున్న మనిషి పేర ఇల్లు రాయాలట. వీలునామా లేకుండా తనకేమైనా అయితే ఇల్లు అన్నదమ్ములకు పోతుంది, ఆ మనిషి వీధిన పడతాడు. చిత్తుప్రతి రాస్తూ, ఆ పేరు పక్కన "నాకు" అని రాసి కలం ఆపాను. ఏమవుతాడని రాయాలి? అతను నా కలం వైపే చూస్తున్నాడు. "స్నేహితుడు అని రాయండి" అన్నాడు. ఒకప్పుడు ఒరే అనుకున్నవాళ్ళం. నన్ను "మీరు" అన్నాడు.

గుర్తుపట్టాడో లేదో తెలియలేదు, అడగడానికి నోరు రాలేదు. సంతకాలకు సోమవారం వస్తాడు. ఈసారి నేనే ఆ మాట ఎత్తి, తప్పయిందని చెబుదామనుకుంటున్నాను. అందులో నీ పేరు కూడా కలపనా? ఈ ఉత్తరం చేరేసరికి ఎన్ని సోమవారాలు పోతాయో కాబట్టి నకలు ఫొటో తీసి ఫోనుకు పంపుతున్నాను. ఆదివారం రాత్రిలోగా ఒక మాట చెప్పు.

నీ
సూరి