కొత్త మోటార్‌హోమ్‌లో లైట్లు డిమ్ అవుతుంటే

అందరికీ నమస్కారం. కొత్త మోటార్‌హోమ్‌లో (ఇల్లులా ఉండటానికి వీలైన బండిలో) లైట్లు డిమ్ అవుతున్నా, వాటర్ పంపు ఆగి ఆగి నడుస్తున్నా వెంటనే బ్యాటరీ మార్చేయకండి. మాకు రెండు వారాలు ఇదే టెన్షన్. చివరికి చూస్తే ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) బిగించిన ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్ వైపు వైరు) నట్టు ఉత్త వేలితో తిప్పినా తిరిగింది! కొత్తదైనా రోడ్డు కుదుపులకు బిగింపులు వదులవుతాయి.

ముందు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చిన్న మీటరు) తీయండి. ఛార్జింగ్ ఆపిన కొన్ని గంటలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే అది నిండుగా ఉన్నట్టే (లిథియంకు ఈ లెక్క వర్తించదు). తర్వాత పంపు ఆన్ చేసి బ్యాటరీ దగ్గరా, పంపు దగ్గరా కొలవండి. అర వోల్టు మించి తేడా వస్తే లోపం మధ్యలోని వైరులోనో జాయింట్‌లోనో ఉంటుంది.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయండి. దయచేసి పెద్దది వేయొద్దు, వైరు కాలిపోతుంది. నట్లు బిగించే ముందు బయటి కరెంటు ప్లగ్గు, సోలార్ ఉంటే అది కూడా ఆపి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయండి.