తేదీ లేని కత్తిరింపు

శ్రీకాకుళం,
ఆదివారం.

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నిన్న అరసవల్లి గుడికి నడిచే వెళ్లొచ్చింది.

మొన్న రాత్రి ఫోన్లో నీ న్యూస్‌లెటర్ పని గురించి నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "వారానికి నేను సొంతంగా రాసేవి రెండే వ్యాసాలు నాన్నా, మిగతావన్నీ ఎవరో రాసినవి ఏరి పెట్టడమే. దీన్ని కూడా పని అంటారా?" అన్నావు. "నీదేముంది, లింకులు అతికించడమేగా" అని ఆఫీసులో ఎవరో అన్నారని చెప్పి కాసేపు మాట్లాడలేదు. నాకూ ఆ నిమిషంలో మాట రాలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

31 ఏళ్లు లైబ్రరీలో పనిచేశాను. అక్కడున్న పుస్తకాల్లో నేను రాసింది ఒక్కటీ లేదు. అయినా ఎవరికి ఏది కావాలో కనిపెట్టి, వెతికి, చేతికందించడం చిన్న పని అని నాకు ఏ రోజూ అనిపించలేదు. మా లైబ్రరీ చదువుకి ఆధారం రంగనాథన్ గారు 1931లో పెట్టిన అయిదు సూత్రాలు. అందులో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యి అని. రైతులకి మీరు వారం వారం పంపే న్యూస్‌లెటర్ ఉందే, అది ఈ సూత్రం మీదే నడుస్తోంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు అని ఫోన్లో కొడితే లెక్కలేనన్ని వీడియోలు వస్తాయి. పొద్దున్నే చేలో పురుగు చూసి వచ్చిన మనిషికి అవన్నీ చూసే తీరికెక్కడిది? నువ్వు నలభై చూసి మూడు ఇస్తున్నావు. మిగతా ముప్పై ఏడూ అతని బదులు నువ్వు చూసిపెట్టావు.

ఏరడం అంటే మంచివి ఉంచి చెడ్డవి పారెయ్యడమే అని నేనూ అనుకునేవాణ్ణి, పలాసలో మీ అత్త జీడిపప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని చూసేదాకా. పొర తీసిన పప్పు ముందర కుప్పగా పోస్తారు. ఆవిడ చెయ్యి అందులోకి వెళ్లిందంటే నాలుగైదు పలుకులు ఒక్కసారే అరచేతిలోకి వస్తాయి. బొటనవేలితో దొర్లించి చూసి, గుండు ఒక చేటలోకి, బద్ద ఇంకో చేటలోకి, ముక్క మూడోదాంట్లోకి. మచ్చ ఉందేమో అనిపిస్తే ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూస్తుంది. గుండులో మళ్లీ సైజులు. పౌనుకి 180 పలుకులు తూగేది ఒక రకం, 240 తూగేది ఒకటి, 320 తూగేది ఇంకొకటి. "ఇన్ని ముక్కలు పోతున్నాయే" అన్నాను ఒకసారి. "పోవడమేట్రా తమ్ముడూ! మిఠాయి కొట్టువాడికి ముక్కే కావాల. గుండు ఇస్తే ఆడే నలగ్గొట్టుకోవాల" అంది.

మీ అత్త చేతిలో ఉన్నది నీ పనిలోనూ ఉంది. యూనివర్సిటీ వాళ్ల పెద్ద వ్యాసం వ్యవసాయ అధికారికి పనికొస్తుంది. రెండెకరాల రైతుకి నాలుగు నిమిషాల వీడియో చాలు. ఏది ఎవరికో చెప్పేది లింకు పక్కన నువ్వు రాసే ఆ రెండు వాక్యాలే. వాటి కోసం నువ్వు అరగంట కూర్చుంటావని చెప్పావు, కూర్చో. అవి లేకపోతే నువ్వు ఇచ్చేది కుప్పే. కుప్ప పొయ్యడానికి ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు.

నేను చేసిన తప్పొకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. లైబ్రరీలో పేపర్లలోంచి, వ్యవసాయ పత్రికల్లోంచి పనికొచ్చేవి కత్తిరించి ఫైళ్లలో అతికించేవాణ్ణి. నన్ను ఎవరూ చెయ్యమనలేదు, ఇష్టంతో చేశాను. కానీ మొదటి ఏళ్లలో పత్రిక పేరు గానీ తేదీ గానీ రాయలేదు. గుర్తుంటుందిలే అనుకున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం ప్రాంతాన్ని ఎలా ఊడ్చేసిందో నువ్వూ చూశావు. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ తర్వాత పూతకాలంలో ఒక రైతు లైబ్రరీకి వచ్చాడు. మిగిలిన కాసిని జీడి చెట్లకీ టీ దోమ పట్టింది, ఏమైనా రాసింది ఉందా బాబూ అన్నాడు. ఉంది. ఫైలు తీసి ఇచ్చాను. మందు పేరు, మోతాదు ఒక చిన్న కాగితం మీద రాసుకుని వెళ్లాడు. నాలుగు రోజులకి మళ్లీ వచ్చి ఆ కాగితం నా బల్ల మీద పెట్టాడు. "ఈ మందు ఆపేసి ఏడేళ్లు దాటిందంట బాబూ. కొట్లో నవ్వారు" అన్నాడు.

అది ఎండోసల్ఫాన్. 2011లోనే సుప్రీంకోర్టు నిషేధించింది. కేరళలో కాసరగోడ్ జీడి తోటల మీద దాన్ని చల్లితే జనం ఎంత అవస్థ పడ్డారో పేపర్లో చదివినవాణ్ణే. అయినా ఆ కత్తిరింపు చేతికిచ్చేటప్పుడు తట్టలేదు. దాని మీద తేదీ ఉంటే ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఆయన నన్ను ఏమీ అనలేదు. తోట పోయిన మనిషి, బస్సు ఛార్జీలు పెట్టుకుని రెండుసార్లు వచ్చాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఆ పేర్లూ తేదీలూ ఎలా రాసిపెట్టాలో మన ఊళ్లోనే చేసి చూపించినవారు ఉన్నారు. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం అని కథలకే ఒక లైబ్రరీ పెట్టారు. చిన్నప్పుడు నిన్ను తీసుకెళ్లాను, గుర్తుందా? అచ్చయిన ప్రతి తెలుగు కథా అక్కడ దొరకాలని ఆయన పట్టుదల. అక్కడ ఏరివేత లేదు. గొప్ప కథకీ మామూలు కథకీ ఒకటే చోటు. ఆ లెక్కన అది నీ పనికి ఎదురు. కానీ ఏ కథ తీసుకున్నా రాసిందెవరు, ఏ పత్రికలో, ఎప్పుడు అచ్చయింది అన్నది దాని వెంటే ఉంటుంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా అలాగే వెతుక్కోవచ్చు. 2021 జూన్‌లో మాస్టారు పోయారు. పరిశోధన చేసే పిల్లలు ఆ వివరాలు పట్టుకుని ఇవాళ్టికీ కథలు వెతుక్కుంటున్నారు.

నువ్వూ ఒక ఎక్సెల్ షీటు పెట్టుకో. లింకు, రాసినవాళ్ల పేరు, వాళ్లు రాసిన తేదీ, నువ్వు చూసిన తేదీ, ఎందుకు తీసుకున్నావో ఒక్క ముక్క. దాచుకోవడానికి ఏదో ఒక యాప్‌ని నమ్ముకోకు. వ్యాసాలు చదువుకునే గూగుల్ రీడర్ 2013లో, దాచుకునే పాకెట్ 2025లో ఆగిపోయాయని నువ్వే చెప్పావు కదా. ఆరు నెలలకోసారి పాత లింకులు తెరిచి చూడు, కొన్ని తెరుచుకోవు, కొన్నింట్లో సంగతి మారిపోయి ఉంటుంది. ఎవరి వ్యాసమైనా మొత్తం ఎత్తి మీ పేజీలో పెట్టమంటే మాత్రం ఒప్పుకోకు. రెండు మూడు వాక్యాలు, వాళ్ల పేరు, వాళ్ల పేజీకి దారి, అంతే. ఫొటో అయితే అడిగి తీసుకోవాలి.

మీ పేజీలో రోజుకి పది లింకులు పెట్టాలన్న టార్గెట్ గురించి టెన్షన్ పడుతున్నావు. ఆ పదింటిలో నువ్వు చివరిదాకా చదివినవి ఎన్ని? నాలుగే అయితే, నాలుగే పెడతానని మీ మేడమ్‌తో నెమ్మదిగా చెప్పు. మందు పేరు, మోతాదు ఉన్నవైతే చదవకుండా ఒక్కటి కూడా వెళ్లకూడదు. ఇది నా మాటగా గట్టిగా పట్టుకో.

ఆ పాత ఫైళ్లు పారేస్తామంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రోజూ కాఫీ తాగాక ఒక గంట కూర్చుని తేదీలు వెతుకుతున్నాను. కత్తిరింపు అంచు మెల్లిగా ఊడదీసి వెనక్కి తిప్పితే ఏదో ఒక ఆచూకీ ఉంటుంది. నిన్న ఒకదాని వెనక సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 380 రూపాయలు అని ఉంది. అంటే 1996 నాటిది. పెన్సిల్‌తో రాసిపెట్టాను. ఇంకోదాని వెనక సగం తెగిన సినిమా ప్రకటన తప్ప ఏమీ లేదు. హీరో భుజం, టైటిల్లో చివరి రెండక్షరాలు కనిపిస్తున్నాయి. రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. ఏ సినిమానో, ఏ ఏడాదిదో చూసి చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న