ఆర్ట్ పీరియడ్ తీసుకున్నది నేనే: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పుట్టిల్లు నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నేను చేసిన తప్పు ముందు ఒప్పుకోకపోతే, ఆ తర్వాత అడిగేదానికి విలువ ఉండదు. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

మా స్కూల్ టైమ్‌టేబుల్‌లో ప్రతి క్లాసుకూ వారానికి రెండు పీరియడ్లు 'ఆర్ట్' అని ఉంటాయి. ఆ గడిలో టీచర్ పేరు ఉండదు. నేను చేరినప్పుడు డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉండేవారు. మూడో ఏట రిటైరయ్యారు. ఆయన కుర్చీలోకి మళ్ళీ ఎవరూ రాలేదు. ఆ పీరియడ్‌ను లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పేవాళ్ళం పంచుకున్నాం. సిలబస్ వెనకబడితే ఆ పీరియడ్. స్లిప్ టెస్ట్ పెట్టాలంటే ఆ పీరియడ్. అందరికంటే ఎక్కువ తీసుకున్నది నేనే. ఏడాది చివర రికార్డులో ఆర్ట్ అన్నచోట గ్రేడ్ వేయాలి గనక వేశాను. జరగని క్లాసుకు వందలమంది పిల్లలకు గ్రేడ్లు వేశాను. తల్లిదండ్రులు అడగలేదు, తనిఖీకి వచ్చినవాళ్ళు అడగలేదు. పిల్లలూ అడగలేదు. వాళ్ళు అడగకపోవడమే ఇప్పుడు నాకు ఎక్కువ బాధగా ఉంది.

నా కళ్ళు తెరిపించింది జడకోలాటం.

మూడేళ్ళ కిందట శ్రీరామనవమికి మా స్కూలున్న ఊళ్ళో తిరునాళ్ళ చూడటానికి వెళ్ళాను. ఊరివాళ్ళు చందాలు వేసుకుని కోలాటం మాస్టారును పిలిపించుకున్నారు. ఆయన రెండు నెలలు ఊళ్ళోనే ఉండి, రాత్రి అన్నాలయ్యాక రామాలయం ముందు ఆడపిల్లలకు నేర్పించాడు. ఆడేవాళ్ళలో ముప్పాతిక మంది మా స్కూలు పిల్లలే. పైన కొయ్యకు కట్టిన పదహారు తాళ్ళు, కింద పదహారు మంది. ఎనిమిది మంది కుడి వైపు తిరుగుతారు, ఎనిమిది మంది ఎడమ వైపు. ఎదురొచ్చిన ఒకరికి లోపలి నుంచి, తర్వాతి వాళ్ళకు బయటి నుంచి. పాట సాగేకొద్దీ పైన తాళ్ళు జడలా అల్లుకుంటూ వచ్చాయి. ఇంతలో ఎవరో లోపలికి వెళ్ళాల్సింది బయటికి వెళ్ళారు. అల్లిక చెడింది. ఆట ఆగింది.

మాస్టారు ఏమీ అనలేదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి తల ఎత్తి జడ వైపు కాసేపు చూసి, "రెండు చుట్ల ముందు తప్పాం" అంది. అందరినీ వెనక్కి నడిపించింది. లోపలి నుంచి వచ్చినవాళ్ళు లోపలి నుంచే, బయటి నుంచి వచ్చినవాళ్ళు బయటి నుంచే, ఒక్కో అడుగూ తిరగేస్తూ తప్పు జరిగిన చోటిదాకా తీసుకెళ్ళి, అక్కడ సరిచేసి మళ్ళీ పాట ఎత్తుకుంది. చూస్తున్న జనం ఈలలు వేశారు.

అంతకు ముందు వారమే నేను పెట్టిన స్లిప్ టెస్టులో ఆ అమ్మాయికి 25కి 7 మార్కులు వచ్చాయి. 'చేసిన లెక్కను వెనక నుంచి సరిచూసుకోవడం రాదు' అని ఆ పేపరు మీద ఎర్ర పెన్నుతో రాసింది నేనే. టెస్ట్ పెట్టింది ఆర్ట్ పీరియడ్‌లో.

ఆ అమ్మాయి తర్వాత లెక్కల్లో ఫస్ట్ వచ్చిందని మీరు అనుకోవచ్చు. రాలేదు. పదో తరగతి మామూలుగా పాసై వెళ్ళిపోయింది. కానీ ఆ రాత్రి నేను చూసిన తెలివి నిజమైనది. నాలుగేళ్ళు రోజూ నా ఎదురుగా బెంచీ మీద కూర్చున్న పిల్లలో అది ఉందని నాకు తెలియలేదు. ఊరి జనం చందాలు వేసుకుని కనుక్కున్నదాన్ని మా బడి కనుక్కోలేకపోయింది.

ఆ జూన్ నుంచి ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పడం మానేశాను. మొదటిరోజు ఆరో తరగతికి తెల్లకాగితాలిచ్చి, "మన ఊరు గీయండి" అన్నాను. నలభై ఇద్దరిలో ముప్పైమందికి పైగా ఒకే బొమ్మ గీశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు. మా ఊళ్ళో నది లేదు. కొబ్బరిచెట్లు కూడా వెతుక్కోవాలి. ఉన్నవి తాటిచెట్లు, బోరు కింద కందిచేలు, ఫ్లోరైడ్ లేని నీళ్ళ కోసం క్యాన్లు పట్టుకుని నిలబడే జనం. కిటికీలోంచి చూస్తే వెలిగొండలు కనిపిస్తాయి. ఒక్క పిల్లవాడూ కిటికీ వైపు చూడలేదు. పువ్వు గీయమంటే అందరూ గైడులో ఉన్న మందార పువ్వే గీశారు. గేటు పక్కనే తంగేడు నిండా పూసి ఉంది. చూసి గీయడం ఎలాగో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నాకూ రాదు. చిన్నప్పుడు మేం మార్కాపురం పలకల మీద అక్షరాల కంటే ముందు బొమ్మలే గీసేవాళ్ళం. తర్వాత ఆ చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో గుర్తు లేదు.

రెండో ఏడాది మేం టీచర్లమే డబ్బులు వేసుకుని నెల్లూరు జిల్లా నుంచి తోలుబొమ్మలాట పెద్దాయనను పిలిపించాం. సైన్స్ రూమ్‌లో తెల్ల పంచె కట్టి, వెనక బల్బు వెలిగించాడు. హనుమంతుడు తెర మీదికి రాగానే పిల్లలు గోలగోల చేశారు. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేసరికి చెప్పనక్కర్లేదు. ఆట అయ్యాక ఆరో తరగతి పిల్లవాడు వెనక్కి వెళ్ళి బొమ్మను పట్టుకుని, "అట్టముక్క నీడ నల్లగా పడుతుంది, దీని నీడలో రంగులెందుకున్నాయి?" అని అడిగాడు. మేక తోలును ఎలా గీకుతారో, ఎంత పలుచన చేస్తే వెలుగు దాటుతుందో, చిల్లులు ఎందుకు పొడుస్తారో ఆయన అరగంట చెప్పాడు. వెలుగు దాటే వస్తువులు, దాటని వస్తువులు అనే పాఠం మా సైన్స్ టీచర్ ఆ ఏడాది మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. ఆయనకు మేం ఇచ్చింది బస్సు చార్జీలు, భోజనం, ఇంకొంచెం డబ్బు. తన పిల్లలు ఎవరూ ఈ ఆట నేర్చుకోలేదని వెళ్ళేటప్పుడు చెప్పాడు. మళ్ళీ పిలవమన్నాడు. మళ్ళీ పిలవలేకపోయాం.

మా పుట్టింటి వీధిలో ఆడవాళ్ళు ఉదయగిరి చెక్క గరిటెలు చేస్తారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. స్కేలు లేకుండా కంటి కొలతతో గరిటె రెండు పక్కలా ఒకే వంపు వచ్చేలా నున్నగా రుద్దుతారు. సౌష్టవం అనే పాఠాన్ని నేను ఇన్నేళ్ళూ పుస్తకంలోని సీతాకోకచిలుక బొమ్మతోనే చెప్పాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలు ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వచ్చి, వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మీరు శనివారాలను నో బ్యాగ్ డే అన్నారు. పిల్లలు ఎంత సంతోషించారో నేను చూశాను. కానీ నేర్పేవాళ్ళు లేకపోతే సంచి లేని రోజు ఆటపాటలతో పొద్దుపుచ్చే రోజు అవుతుంది, లేదా మాలాంటివాళ్ళు మళ్ళీ లెక్కలతో నింపేస్తారు.

అయ్యా, నేను కొత్త పథకం అడగడం లేదు. ఉన్న చట్టాన్నే అడుగుతున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లలు 100 మందికి మించితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని దాని షెడ్యూలులోనే రాసి ఉంది. పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి చిత్రలేఖనం, సంగీతం, నృత్యం, నాటకం నాలుగూ కలిపి పాఠ్యపుస్తకం కూడా తెచ్చింది. చట్టం ఉంది, విధానం ఉంది, పుస్తకం ఉంది, టైమ్‌టేబుల్‌లో గడి ఉంది. మనిషి లేరు.

మనుషులు దొరకరని అనుకోకండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, ఎండాకాలంలో డ్రాయింగ్ టీచర్లు కావడానికి ఇచ్చే 42 రోజుల టీటీసీ ట్రైనింగ్ కూడా పూర్తిచేసి, ఫ్లెక్సీ షాపుల్లో డిజైన్లు చేసుకుంటున్న కుర్రాళ్ళు ఒంగోలులో ఉన్నారు, నెల్లూరులో ఉన్నారు. హార్మోనియం ముందు కూర్చుని పద్యం ఎత్తుకుంటే ఊరు ఊరంతా నిశ్శబ్దమైపోయే పెద్దలు మా పల్లెల్లో ఇంకా మిగిలి ఉన్నారు. కోలాటం మాస్టార్లు, చెక్కభజన గురువులు, డప్పు కళాకారులు ఉన్నారు. వీళ్ళలో చాలామందికి డిగ్రీ లేదు. డిగ్రీ అడిగితే వీళ్ళంతా బయటే ఉండిపోతారు. పిల్లల ముందు ఒకరోజు నేర్పి చూపించమనండి, చూసి తీసుకోండి. తీసుకున్నాక పన్నెండు నెలలూ జీతం ఇవ్వండి. సెలవుల్లో జీతం ఆపి, ఏటా రెన్యువల్ టెన్షన్‌లో పెడితే మంచివాళ్ళు నిలవరు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించిన ప్రభుత్వానికి ఇది మోయలేని బరువు కాదని నా నమ్మకం. వచ్చే డీఎస్సీలో డ్రాయింగ్, సంగీతం, నాటకం పోస్టులకు చోటు ఉండాలి.

మార్కులు మాత్రం పెట్టకండి. మార్కులు పెడితే మా గైడులు దీనికీ వస్తాయి.

పోటీల గురించి కూడా ఒక మాట. బడి పిల్లలకు పెట్టే కళల పోటీ కళా ఉత్సవ్ 2015 నుంచి జరుగుతోంది. మంచిదే. మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి వెళ్ళే పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పోటీకి బాగా చేసేవాళ్ళనే ఏరుకుంటాం. మిగతా పిల్లలు చప్పట్లు కొడతారు. పాడటం రాని పిల్లకు గొంతు కలపడం ఎవరు నేర్పుతారు? ఆగస్టు పదిహేనుకు స్పీకర్‌లో సినిమా పాట పెట్టి, ఫోన్లో చూసిన స్టెప్పులు పిల్లలతో వేయించి, సాంస్కృతిక కార్యక్రమాలు జరిగాయని రిజిస్టర్లో రాసుకుంటాం. ఎందుకంటే మాకూ ఏమీ రాదు.

"బొమ్మలేస్తే ఉద్యోగం వస్తుందా మేడం?" అని ఒక తల్లి నన్ను అడిగింది. మిర్చి కోతలకు వెళ్ళే మనిషి, ఒక పూట కూలి వదులుకుని మీటింగుకు వచ్చింది. ఆమె అడగడంలో తప్పు లేదు. వస్తుందని నేను మాట ఇవ్వలేదు. మా జిల్లాకు పేరైన మనిషి కథ చెప్పాను. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకింది. ఆ ఊరి మిషన్ స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారుండేవారు. నాటకాలంటే ప్రాణం. నాటకాల్లో వేషాలు వేసే ఈ పిల్లవాడిని ఆయన చేరదీసి, తను రాజమండ్రి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళి చదివించాడు. ఆ పిల్లవాడే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. నాటకం వల్లే అయ్యాడని నేను అనను. ఆ మాస్టారు ఆ బడిలో లేకపోతే ఆ పిల్లవాడిని చూసేవాళ్ళు ఎవరుండేవారని మాత్రం అడుగుతాను. ఆ తల్లి కాసేపు ఆలోచించి, "అయితే మా వాడిని కూడా చూడండి మేడం" అంది. నేను చూడగలిగింది కొంచెమే. అందుకే మీకు రాస్తున్నాను.

పోస్టులు నింపడానికి టైమ్ పడుతుందని తెలుసు. పైసా ఖర్చు లేకుండా ఈ వారమే మీరు చేయగలిగింది ఒకటుంది. బోధకుడు లేని బడిలో ఆర్ట్‌కు గ్రేడ్ వేయవద్దని, ఆ చోట 'టీచర్ లేరు' అని రాయమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. మనిషి వచ్చేదాకా ఆ పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు వాడవద్దని కూడా అందులోనే చెప్పండి. రాష్ట్రంలో ఎన్ని బడుల్లో ఆ గడి ఖాళీగా ఉందో ఏడాది తిరిగేసరికి మీ టేబుల్ మీదికి నిజమైన లెక్క వస్తుంది. ఇప్పుడు మీ దగ్గరున్నవి మాలాంటివాళ్ళం వేసిన గ్రేడ్లు.

సర్క్యులర్ వచ్చినా రాకపోయినా, ఈ ఏడాది మా స్కూల్ రికార్డులో నేను చూసే క్లాసులకు ఆర్ట్ అన్నచోట 'టీచర్ లేరు' అనే రాస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
జిల్లా పరిషత్ హైస్కూలు, ప్రకాశం జిల్లా