తొలి ఎన్నికలు 1937లో కాదు, 1920లో

సంపాదకుల వారికి,

నమస్కారం. మద్రాసు శాసనసభ తొలి ఎన్నికల మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పన్నెండు రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ పేజీలన్నీ తిరగేస్తున్నాను. ఇంతవరకు వేయలేదు, అందుకే రాస్తున్నాను.

తొలి ఎన్నికలు 1937లో జరిగాయనీ, కాంగ్రెస్‌కు 215 స్థానాల్లో 159 వచ్చాయనీ, రాజాజీ తొలి ప్రధాని (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలా పిలిచేవారు) అయ్యారనీ రాశారు. స్థానాల లెక్క సరిగ్గానే ఉంది. ‘తొలి’ అన్న మాటే రెండు చోట్లా తప్పు. 1937కు ముందు 1920, 1923, 1926, 1930, 1934లలో అయిదుసార్లు ఎన్నికలు జరిగాయి. అయిదు ఎన్నికలు మీకు కనబడకుండా ఎలా పోయాయి?

పొరపాటు ఎవరికైనా జరుగుతుందని మొదట ఊరుకున్నాను. కానీ పోయిన వారం మా మనవరాలు ఒక క్విజ్ పోటీకి వెళ్లింది. మద్రాసు రాష్ట్రంలో ఎన్నికల ద్వారా ఏర్పడిన తొలి మంత్రివర్గానికి నాయకుడెవరని అడిగారట. ‘ఎ. సుబ్బరాయలు రెడ్డియార్’ అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పక్కన ‘రాజాజీ’ అని దిద్ది ఇచ్చారు. నేను వెళ్లి అడిగితే నిర్వాహకుడు మీ పత్రిక కత్తిరింపు తీసి చూపించాడు. పదమూడేళ్ల పిల్ల సరిగ్గా చదువుకుని వెళ్లి, మీరు వేసిన తప్పు వల్ల ఓడిపోయి వచ్చింది. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.

మీ కార్యాలయానికి ఫోను చేశాను. ‘అప్పట్లో ఉన్నది శాసనమండలి కదండీ, శాసనసభ కాదు’ అని ఒకాయన సమాధానం చెప్పారు. ఆ రోజుల్లో మద్రాసుకు ఉన్న చట్టసభ ఆ మండలి ఒక్కటే. ఇప్పటి ఎగువ సభను మనసులో పెట్టుకుని దాన్ని పక్కకు నెట్టేస్తే ఎలా? బ్రిటిష్ వారు చేసిన 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1920 నవంబరులో ఆ మండలికి ఎన్నికలు జరిగాయి. ఎన్నికయ్యే 98 స్థానాల్లో బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ 63 గెలిచింది. డిసెంబరు 17న సుబ్బరాయలు రెడ్డియార్ ముఖ్యమంత్రిగా బాధ్యతలు తీసుకున్నారు. ఆయన అనారోగ్యంతో తప్పుకున్నాక, 1921 జులైలో మా కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా రామరాయణింగార్ వచ్చారు. అయిదేళ్లకు పైగా పదవిలో ఉన్నారు. హిందూ దేవాదాయ చట్టం, ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం ఆయన హయాంలో వచ్చినవే. చెన్నైలో పానగల్ పార్కు చుట్టూ బట్టల దుకాణాలకు తిరిగే మనవాళ్లలో ఆ పేరు ఎవరిదో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చెప్పవలసినవాళ్లం చెప్పలేదు.

మరో పక్క, 63 స్థానాల అంకెను పట్టుకుని ‘ప్రజలంతా ఒక్కటై పట్టం కట్టారు’ అని ఊదరగొట్టేవాళ్లు కూడా ఉన్నారు. నాకు వాళ్ల మీద కూడా అంతే కోపం. అప్పటి మద్రాసు రాష్ట్ర జనాభా నాలుగు కోట్ల పైచిలుకు. ఓటర్లు సుమారు 12 లక్షల 48 వేలు, అంటే నూటికి ముగ్గురు. ఆ ముగ్గురిలో కూడా పోలింగుకు వచ్చినవారు నాలుగో వంతే. సహాయ నిరాకరణ పిలుపుతో కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది. ప్రధాన ప్రత్యర్థి బరిలోనే లేడు. ఇవేవీ చెప్పకుండా 98లో 63 అని ఒక్క అంకె వేస్తే పాఠకుడు ఏమనుకుంటాడు? ఇప్పటి ఎన్నికల్లాగే ఊరూరా జనం బారులు తీరి ఓట్లు వేశారనుకుంటాడు.

మా తాతగారి శిస్తు రసీదులు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమ రంగుకు తిరిగింది. ఆయన పేరున భూమి ఉంది, శిస్తు కట్టారు, కాబట్టి ఓటు వచ్చింది. అదే ఇంట్లో మా నాయనమ్మకు లేదు. 1920లో స్త్రీలకు ఓటే లేదు. మా పొలంలో పని చేసిన కూలీలకు లేదు. అణగారిన కులాల ప్రతినిధిగా ఎం.సి. రాజా ఆ సభకు వచ్చింది ఎన్నికై కాదు, ప్రభుత్వం నామినేట్ చేస్తేనే. ఇంతకీ శిస్తు కట్టి ఓటు సంపాదించిన మా తాతగారి మాటకైనా ఎంత విలువ ఉంది? అప్పటి పాలనను రెండుగా పంచిన ద్వంద్వ ప్రభుత్వంలో విద్య, వైద్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రులకు ఇచ్చారు. భూమి శిస్తు, పోలీసు, ఖజానా గవర్నరు, ఆయన కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉంచారు. శిస్తు కట్టినందుకు ఓటిచ్చి, ఆ శిస్తు గురించి నిర్ణయించే అధికారం మాత్రం ఎన్నికైన మంత్రికి ఇవ్వలేదు. చరిత్ర వ్యాసంలో మీరు రాయవలసిన సంగతి ఇది.

ఆ సభను మొత్తానికి తీసిపారేయడానికీ లేదు. ఓటు లేని స్త్రీలకు ఓటు ఇవ్వాలని 1921 ఏప్రిల్ 1న తీర్మానించింది ఆ పురుషుల సభే. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఆ పని ముందు చేసింది మద్రాసే. 1923 ఎన్నికల తర్వాత పానగల్లు మంత్రివర్గం మీద కట్టమంచి రామలింగారెడ్డి గారు అవిశ్వాస తీర్మానం పెట్టారు. అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చాయి. ప్రభుత్వాన్ని సభలో నిలబెట్టి లెక్క అడగడం అక్కడే నేర్చుకున్నాం. 1937లో ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాను సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి ఓడించారు. అప్పటికి ఓటర్లు చాలా పెరిగారు, అయినా అది కూడా అందరి ఓటు కాదు. వయోజనులందరికీ ఓటు 1952 ఎన్నికలతోనే వచ్చింది. ఇదంతా తెలిస్తే కదా బొబ్బిలి ఫలితం ఎంత పెద్ద మార్పో అర్థమయ్యేది!

ఇదంతా మళ్లీ సరిచూసుకుందామని ఒక గ్రంథాలయానికి వెళ్లాను. ఆనాటి సభా చర్చల సంపుటాలు కావాలంటే అటెండరు మెట్ల కింద గది తెరిచాడు. అడుగు వరుసలోని సంపుటాల అట్టలు చెదలు తినేశాయి. పట్టుకుంటే కాగితం పొడై వేళ్లకు అంటుకుంది. బీరువాల కోసం మూడేళ్లుగా రాస్తున్నాం, నిధులు రాలేదన్నాడు. గ్రంథాలయ వారోత్సవాలకు ప్రవేశద్వారం దగ్గర రంగుల తోరణం కట్టడానికి నిధులు వచ్చాయి. సంపుటాల మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పడానికి రాలేదు. అధికారులు అలా ఉన్నప్పుడు పత్రికలైనా జాగ్రత్తగా ఉండాలి. ఒకప్పుడు మీ పత్రికలో తేదీ తప్పు పడితే మర్నాడే సవరణ వచ్చేది. నలభై ఏళ్లుగా చందాదారుణ్ని, నాకు గుర్తుంది.

సవరణను ఏ మూలో రెండు పంక్తుల్లో కాకుండా, వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో వేయండి. 1920 నుంచి అయిదు ఎన్నికలనూ ఒక పట్టికగా చేర్చండి. స్థానాల పక్కన ఓటర్లెందరో, ఓటు వేసినవారెందరో కూడా పెట్టండి. అచ్చయిన రోజున ఆ పేజీని, మా మనవరాలి జవాబు కాగితాన్ని కలిపి ఆ క్విజ్ నిర్వాహకుడి దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాళహస్తి