ఢిల్లీలో మా అమ్మానాన్నలకి తోడు నిలిచినవాళ్ళకి

మా అమ్మానాన్న నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్ర ముగించుకుని నిన్న రాత్రి శంషాబాద్‌లో దిగారు. ఇద్దరూ క్షేమం. అమ్మకి మోకాళ్ళు కాస్త వాచాయి, అంతకుమించి ఏ ఇబ్బందీ లేదు. వెళ్ళేటప్పుడు ఢిల్లీలో వాళ్ళకి సాయం చేసినవాళ్ళ గురించి అమ్మ కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది. అందుకే ఆలస్యం చేయకుండా ఈ పోస్టు రాస్తున్నాను.

నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్ చూడాలని అమ్మకి ఎన్నాళ్ళనుంచో కోరిక. వైజాగ్‌లో ఉండే మా మామయ్య, అత్తయ్య కూడా వెళ్తున్నారని తెలిసేసరికి ఇంక ఆగలేదు. నలుగురూ ఢిల్లీలో కలుసుకుని అక్కణ్ణుంచి ఒకే విమానంలో ఖాట్మండు వెళ్ళాలన్నది ఏర్పాటు. చిక్కంతా టెర్మినళ్ళ దగ్గరే వచ్చింది. మామయ్యవాళ్ళు దిగేది టెర్మినల్ 3లో. ఖాట్మండు విమానం కూడా అక్కణ్ణుంచే. మా వాళ్ళు దిగేది మాత్రం టెర్మినల్ 1లో. టికెట్లు వేర్వేరుగా తీసుకున్నవి కాబట్టి సామాను తీసుకుని బయటికొచ్చి, వాళ్ళంతట వాళ్ళే అటు చేరుకోవాలి.

హైదరాబాద్ వాళ్ళకి ఈ బెంగ తెలీదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఇప్పుడు మనకున్నది ఒకటే టెర్మినల్. తిరుపతి వెళ్ళినా దుబాయ్ వెళ్ళినా అదే భవనం, పైన ఎక్కడం, కింద దిగడం. ‘ఎయిర్‌పోర్టులో కలుద్దాం’ అనుకుంటే సరిపోతుంది. ఢిల్లీలో అలా కుదరదు. రెండో టెర్మినల్, మూడో టెర్మినల్ పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకటోది ఎక్కడో కిలోమీటర్ల అవతల. మధ్యలో రన్‌వే కూడా ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాల్సిందే. ఇద్దరు పెద్దవాళ్ళు, రెండు బరువైన పెట్టెలు, తెలియని చోటు. టికెట్లు చేతికొచ్చినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

ముందుగా మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే అన్నకి దండం. ఉద్యోగం పని మీద ఢిల్లీ తిరిగే మనిషి. విషయం చెవిన పడగానే తనే మా ఇంటికొచ్చి, పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో దారంతా గీసి ఇచ్చాడు. టెర్మినల్ 1 బయట, టెర్మినళ్ళ మధ్య తిరిగే బస్సు కోసం ఎక్కడ అడగాలో, కౌంటర్లో ఖాట్మండు టికెట్ ఎందుకు చూపించాలో పెద్దపెద్ద అక్షరాలతో తెలుగులోనే రాశాడు. టికెట్లు ఫోన్లో ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు, కాగితం మీద కూడా తీసుకెళ్ళండి, గేటు దగ్గర చూపించడం తేలికవుతుందన్నాడు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు గానీ విమానంలో వెళ్ళేవాళ్ళ దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలనీ, ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకుని బయల్దేరొద్దనీ చెప్పింది కూడా తనే.

మెట్రో సంగతి ఆయన చెప్పి ఉండకపోతే నాన్న కచ్చితంగా అదే ఎక్కేవారు. టెర్మినల్ 1 దగ్గరా మెట్రో స్టేషన్ ఉంది, టెర్మినల్ 3 దగ్గరా ఉంది. రెండిటి పేర్లలోనూ ఎయిర్‌పోర్టు ఉంటుంది. కానీ ఒకటి మెజెంటా లైను, రెండోది ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను. ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా రైలు లేదు. హౌజ్ ఖాస్‌లో మారి, న్యూఢిల్లీ స్టేషన్‌లో మళ్ళీ మారి, ఊరంతా చుట్టి వెనక్కి రావాలి. పెట్టెలతో అమ్మ అన్ని మెట్లు, అన్ని ప్లాట్‌ఫారాలు దాటడం అయ్యే పని కాదు. ‘అంకుల్, బస్సు దొరక్కపోతే క్యాబ్ ఎక్కండి, మెట్రో జోలికి మాత్రం పోకండి’ అని రెండుసార్లు చెప్పించుకుని మరీ వెళ్ళాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. నలుగురూ కలిసేదాకా ఎవరూ గేటు దాటి లోపలికి వెళ్ళొద్దని. ఒకసారి లోపలికి వెళ్ళాక బయట ఉన్నవాళ్ళ కోసం వెనక్కి రావడం అంత సులువు కాదు. మామయ్యకి ఫోన్ చేసి ఇదే చెప్పాను.

ఇక ఢిల్లీలో. వీల్‌చైర్ తోసిన కుర్రాడి పేరు అమ్మకి తెలీదు. టెర్మినల్ బయటిదాకా తీసుకొచ్చి అక్కడితో వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనరు. అలా వెళ్ళకుండా బస్సు దగ్గరికి నడిపించి, పెట్టెలు లోపల పెట్టి, వీళ్ళని టి-3 దగ్గర దించమని డ్రైవర్‌కి అప్పజెప్పాడట. నాన్న తనకొచ్చిన హైదరాబాదీ హిందీలో ఏదో అంటే, ‘మీరు మా తాతయ్యలాంటివారు’ అన్నాడట. బాబూ, నువ్వు తెలుగు చదవలేవు. అయినా నీకు మా ఇంటిల్లిపాది నమస్కారం.

బస్సు మధ్యలో ఒకచోట ఆగింది. కొందరు దిగుతుంటే అమ్మ కూడా లేచి, ‘వచ్చేసిందేమో, దిగుదామా?’ అని నాన్నని అడిగింది. వెనక సీట్లోంచి ఒకమ్మాయి, ‘ఇక్కడ కాదు ఆంటీ, కూర్చోండి, నేను చెప్తాను’ అంది. తెలుగులో! అమ్మ ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఖమ్మం వైపు అమ్మాయట, ఢిల్లీలో చదువుకుంటోంది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు.

తన దారిన తను పోకుండా, ట్రాలీ తెచ్చి పెట్టెలు సర్ది, అమ్మ చెయ్యి పట్టుకుని డిపార్చర్ గేట్ల దాకా తీసుకెళ్ళింది. మామయ్య ఎక్కడా కనిపించలేదు. నాన్న ఫోన్ నుంచి కాల్ కలవలేదు. అప్పుడు తన ఫోన్ నుంచి నాకు చేసింది. ‘అక్కా, భయపడకండి, అంకుల్, ఆంటీ నా పక్కనే ఉన్నారు. మీ మామయ్యగారి నంబర్ ఇవ్వండి’ అంది. ఇక్కడ ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయి ఉన్న నాకు ఆ గొంతు విన్నాక గానీ ఊపిరి ఆడలేదు.

గేటు దగ్గర డ్యూటీలో ఉన్న సీఐఎస్ఎఫ్ జవాను కూడా వీళ్ళ తిప్పలు గమనించాడు. విసుక్కోకుండా అమ్మని పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. మామయ్య చెప్పిన గేటు నంబరు విని, ‘అది ఆ చివర’ అని చూపించి, నడవలేకపోతే ఆయన్నే ఇటు రమ్మనండి అన్నాడు. అంత రద్దీలో, అంత వరసలో ఆ ఒక్క నిమిషం మా అమ్మ కోసం ఇచ్చాడు. అదే పదివేలు.

కాసేపటికి మామయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. వెనక అత్తయ్య. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ గేటు ముందే ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడిపోయారట, జవాను ‘చలియే మాతాజీ’ అనేదాకా. మామయ్య సంచిలోంచి మాడుగుల హల్వా పొట్లం తీసి ఆ అమ్మాయి చేతిలో పెడితే, వద్దు వద్దంటూనే తీసుకుందట.

చెల్లీ, ఈ పోస్టు నీదాకా వస్తుందని నా ఆశ. డబ్బు సంగతి ఎత్తితే నువ్వు నొచ్చుకున్నావని నాన్న చెప్పారు, అందుకే ఎత్తను. సెలవులకి ఖమ్మం వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో దిగు. మా ఇంట్లో రెండు రోజులుండి వెళ్ళు. శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సు ఎక్కే పని లేదు, నేనే వచ్చి తీసుకెళ్తాను. ముక్తినాథ్ ప్రసాదంలో నీ వాటా అమ్మ విడిగా డబ్బాలో పెట్టి ఉంచింది.

మూడో అంతస్తు అన్న గీసిన కాగితం ఫోటో నా దగ్గరుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఢిల్లీలో ఇలా టెర్మినల్ మారాల్సి వస్తే అడగండి, పంపిస్తాను. అన్న కూడా సరేనన్నాడు.