లెస్టర్ యంగ్‌ని చిన్న బృందంలో వినండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం స్వింగ్ జాజ్ (1930ల నాటి అమెరికన్ డాన్స్ సంగీతం) మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, కానీ మొత్తం పెద్ద బ్యాండ్ల గొడవే, సాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్‌ని మాత్రం పియానిస్టు కౌంట్ బేసీ నడిపిన బ్యాండ్‌లో వాయించినవాళ్లలో ఒకడు అని ఒక్క లైన్లో తేల్చేశారు, అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆయన సత్తా తెలియాలంటే నలుగురైదుగురితో చేసిన రికార్డింగులే వినాలండి. 1936లో షికాగోలో బేసీ పియానోతో ఒక రికార్డింగ్ సెషన్ జరిగింది, బేసీ అప్పటికే డెక్కా అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నాడు కాబట్టి ఆయన పేరు వేయడానికి లేదు, అందుకని డ్రమ్మర్ జో జోన్స్, ట్రంపెట్ కార్ల్ స్మిత్ పేర్లు కలిపి జోన్స్-స్మిత్ అని రికార్డు వదిలారు. వాయించినవాళ్లు ఐదుగురే. లెస్టర్‌కి అప్పుడు 27 ఏళ్లు, రికార్డింగ్ అనేదే మొదటిసారి. అందులో లేడీ బీ గుడ్ పాటకి ఆయన రెండు కోరస్‌లు, అంటే పాట వరస మొత్తం రెండుసార్లు తిరిగేంతసేపు, సోలోగా వాయిస్తాడు, తడబాటు లేదు, హడావుడి లేదు, ఇవాళ్టికీ సాక్సోఫోన్ నేర్చుకునేవాళ్లు ఆ సోలోని నోట్ నోటూ బట్టీ పడతారు.

అప్పట్లో టెనర్ సాక్సోఫోన్ (లెస్టర్ వాయించే రకం) అంటే, అందులో పేరుమోసిన కోల్‌మన్ హాకిన్స్‌లా బరువుగా, గొంతు నిండా ఊపుతో మోగాలి అనే లెక్క. 1934లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్‌లో హాకిన్స్ స్థానంలోకి లెస్టర్ వెళ్తే, హెండర్సన్ భార్య హాకిన్స్ రికార్డులు పెట్టి ఇలా వాయించు బాబూ అని వినిపించేదట! మారలేదు మహానుభావుడు. ఒకే స్వరాన్ని వేళ్లు మార్చి మార్చి పలికిస్తాడు, శ్రుతి అదే కానీ రంగు మారుతుంది, పదిహేను మంది ఒకేసారి ఊదుతుంటే అలాంటిది ఎవరి చెవిన పడుతుంది చెప్పండి. 1938లో కాన్సాస్ సిటీ సిక్స్ అనే ఆరుగురి బృందంలో అయితే పియానో కూడా తీసేశారు, రెండు గిటార్లు, బాస్, డ్రమ్స్, బక్ క్లేటన్ ట్రంపెట్, మధ్యలో లెస్టర్ క్లారినెట్ పట్టుకుంటే ఆ పల్చటి నాదం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పాట వాయించేవాడికి దాని సాహిత్యం తెలియాలి అనేవాడు ఆయన, మన వయొలిన్ విద్వాంసులకి ఇది కొత్త మాటేం కాదు.

ఇంకోటి, ఆర్మీలో శిక్ష పడి వచ్చాక ఆయన పనైపోయింది అని చాలామంది రాస్తారు, నేను ఒప్పుకోను. ఊపిరి తగ్గింది నిజమే. కానీ 1956 జనవరిలో టెడ్డీ విల్సన్ పియానోతో చేసిన రికార్డింగ్ వినండి, డ్రమ్స్ మీద మళ్లీ ఆ షికాగో జో జోన్సే, తక్కువ నోట్లతోనే ఎంత చెప్పాడో. 1959 మార్చిలో పోయాడు.

ఈసారి పెద్ద బ్యాండ్లు పక్కన పెట్టి ఈ రికార్డుల మీద ఒక అరపేజీ ఇవ్వండి సార్, ఫొటో వేయకపోయినా పర్లేదు.

— ఒక పాఠకుడు, విజయవాడ