గుడ్డు పీతకు సెలవెప్పుడు?

సంపాదకుల వారికి,

ఇరవై రెండేళ్లుగా కాకినాడలో పీతలు, రొయ్యలు అమ్ముకుంటున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపుతున్నారు, బాగానే ఉంది. మరి మా పక్కనున్న కోరంగి మడ అడవి పాయల్లో పిల్ల మండపీతల్ని ఏడాది పొడవునా బుట్టలకెత్తుతున్నారే! మండపీత పెరిగేది మడచెట్ల వేళ్ల మధ్య బురదలో. ఆడది గుడ్లు పొదగడానికి సముద్రానికి పోతుంది. టైగర్ రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా మడలోకొచ్చి ఎదుగుతుంది. దారికాచి పట్టేస్తే ఎలా? గుడ్లతో ఉన్న ఆడపీతకే, అంటే గుడ్డు పీతకే ధర ఎక్కువ; నేనూ అమ్మాను, దాచను. పోయిన వారం చిన్నవాటిని ఏరి పాయలో వదిలితే తోటివాళ్లు నవ్వారు. మత్స్యశాఖవారు రేవులోనే కొలబద్దతో పీతల సైజు చూడాలి.

— ఒక పీతల వ్యాపారి, కాకినాడ